పరుగు కావాలి, పరుగెత్తే మనిషి వద్దా?

2024 జూలై 26 సాయంత్రం. పారిస్‌లో వాన పడుతోంది. సెన్ నది మీద పడవల్లో దేశదేశాల క్రీడాకారులు ఊరేగుతున్నారు. ఒలింపిక్స్ ప్రారంభోత్సవం అది. అందులో ఒక ఘట్టం ఆడవాళ్ల కోసమే పెట్టారు. ఫ్రాన్స్ చరిత్రలో స్వేచ్ఛ కోసం, హక్కుల కోసం నిలబడ్డ పదిమంది స్త్రీల బంగారు రంగు విగ్రహాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. సిమోన్ ద బోవా ఉంది. అబార్షన్ హక్కు కోసం కోర్టుల్లో పోరాడిన జిజేల్ హలీమీ ఉంది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి చోటివ్వాలని 1920లలో పట్టుబట్టి సాధించిన ఆలిస్ మిలియా ఉంది. ఎవరికి సంతోషం కలగదు?

అదే సాయంత్రం ఫ్రాన్స్ జట్టు ఎక్కిన పడవలో సూంకంబా సిల్లా అనే 26 ఏళ్ల పరుగుపందెం క్రీడాకారిణి కూడా ఉంది. ఆమె తల మీద టోపీ ఉంది. ఆ టోపీ ఎండకో వానకో పెట్టుకున్నది కాదు. రెండు రోజుల ముందు దాకా ఆ పడవలో ఆమెకి చోటు ఉంటుందో లేదో తెలియదు. కారణం, ఆమె హిజాబ్ కట్టుకుంటుంది. హిజాబ్ బదులు టోపీ పెట్టుకోవడానికి ఒప్పుకున్నాకనే ఆమెకి పడవ ఎక్కే అవకాశం దొరికింది.

చనిపోయిన స్త్రీలకు బంగారు విగ్రహాలు, బతికున్న స్త్రీకి షరతులు! ఈ రెండూ ఒకే సాయంత్రం ఒకే నది మీద జరిగాయి. సమానత్వం గురించి మాట్లాడే మనం ఈ విషయాన్ని ఎక్కడో ఫ్రాన్స్ దేశపు గొడవ అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఎవరీ సిల్లా?

సూంకంబా సిల్లా పతకాల రాణి కాదు. ఆమెది 400 మీటర్ల పరుగు. ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు. పరుగు తెలిసినవాళ్లు అత్యంత కష్టమైన పందేల్లో ఒకటిగా చెప్పేది ఇదే. మొదటి 300 మీటర్లు వేగం మీద నడుస్తుంది, చివరి వంద మీటర్లు మొండితనం మీదే నడుస్తుంది. ఆ దూరంలో దేశం మొత్తం మీద ముందు వరసలో ఉన్న కొద్దిమందితో రిలే జట్టు కడతారు. టోక్యో ఒలింపిక్స్‌లో (2021లో జరిగాయి) ఫ్రాన్స్ మహిళల 4x400 రిలే జట్టులో సిల్లా ఉంది. పారిస్‌కి మహిళల రిలేకి, ఇద్దరు ఆడవాళ్లు ఇద్దరు మగవాళ్లు కలిసి పరుగెత్తే మిశ్రమ రిలేకి కూడా ఆమె ఎంపికైంది.

రిలే పరుగు మీద బతికే క్రీడాకారిణి పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. వ్యక్తిగత పందేల్లో బంగారు పతకాలు తెచ్చే తారతో ఏ సమాఖ్య అయినా కాస్త జాగ్రత్తగా మాట్లాడుతుంది. రిలేలో నాలుగో మనిషికో, ఐదో మనిషికో ఆ బలం ఉండదు. "నువ్వు కాకపోతే ఇంకొకరు" అనడానికి ఆరో మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మన ఇళ్లల్లో పనిచేసే స్త్రీల దగ్గర్నుంచి బీడీలు చుట్టే స్త్రీల దాకా అందరికీ తెలిసిన మాటే ఇది. అలాంటి చోట నిలబడి సిల్లా నోరు విప్పింది. సొంత దేశంలో జరిగే ఒలింపిక్స్‌కి ఎంపికయ్యాను, కానీ తలకి గుడ్డ కట్టుకుంటాను కాబట్టి ప్రారంభోత్సవంలో పాల్గొనడానికి వీల్లేదంటున్నారు అని అందరికీ తెలిసేలా చెప్పింది. ఆమె నోరు విప్పింది గనక గొడవయింది. గొడవయింది గనక టోపీ అయినా వచ్చింది. మౌనంగా ఉంటే ఏమీ వచ్చేది కాదు.

టోపీ బయటపెట్టిన నిజం

ఫ్రాన్స్ ఒలింపిక్ సంఘం అప్పటి అధ్యక్షుడు డేవిడ్ లాపార్తియాన్ ఇచ్చిన వివరణ ఏమిటంటే, ప్రభుత్వోద్యోగులకు వర్తించే లౌకిక నియమమే జాతీయ జట్టుకూ వర్తిస్తుందట. అప్పటి క్రీడల మంత్రి అమేలీ ఊదేయా-కాస్తెరా అయితే 2023 సెప్టెంబరులోనే చెప్పేసింది, ఫ్రాన్స్ క్రీడాకారిణులు ఎవరూ ఒలింపిక్స్‌లో హిజాబ్‌తో కనిపించరని. ఆ మాట చెప్పింది ఒక స్త్రీ. అంతకు ముందు ఆమె టెన్నిస్ క్రీడాకారిణి కూడా. మైదానంలో ఆడపిల్ల పడే కష్టం తెలిసిన మనిషి నోటి నుంచే ఆ మాట రావడం మరీ బాధాకరం.

చివరికి దొరికిన పరిష్కారం టోపీ. ఇక్కడ మనం కాస్త ఆగాలి. హిజాబ్ కప్పేదీ జుట్టునే, టోపీ కప్పేదీ జుట్టునే. తల అదే, మనిషి అదే, ఆమె కప్పుకోవడానికి కారణం కూడా అదే. ఆ కారణం ఫ్రాన్స్ దేశమంతటికీ తెలుసు. మరి మారింది ఏమిటి? ఆమెను చూడగానే ముస్లిం స్త్రీ అని తెలియకుండా ఉండడం ఒక్కటే మారింది. అంటే ఆ ప్రభుత్వానికి అభ్యంతరం జుట్టు కప్పుకోవడం మీద కాదు, స్త్రీల అణచివేత మీద అంతకన్నా కాదు. ఆమె ఎవరో కనిపించడం మీదే అభ్యంతరం. నువ్వు మా కోసం పరుగెత్తు, మా జెండా మొయ్యి, నువ్వు నువ్వుగా మాత్రం కనిపించకు! ఆ టోపీ చెప్పిన మాట ఇదే.

ఆగస్టులో ఆమె స్టాడ్ ద ఫ్రాన్స్‌లో తల కప్పుకునే రిలే పరుగెత్తింది. ఏ రిపబ్లిక్కూ కూలిపోలేదు.

లౌకికవాదం పేరుతో

మనం లౌకికవాదులం. ఇందులో దాపరికం లేదు. మతం పేరు చెప్పి స్త్రీలకి ఆస్తి, విడాకులు, చదువు, నడక, నవ్వు అన్నింటినీ కొలిచి ఇచ్చే పెద్దలతో మనం ఏళ్ల తరబడి పోట్లాడుతున్నాం. అందుకే ఫ్రాన్స్ లౌకికవాదం అనగానే మనలో చాలామందికి గౌరవం. ఆ గౌరవం ఊరికే వచ్చింది కాదు. 1905లో చేసిన చట్టం వెనక చర్చి పెత్తనం మీద పెద్ద పోరాటమే ఉంది. కానీ ఆ చట్టం ఏం చెప్పింది? ప్రతి మనిషి అంతరాత్మ స్వేచ్ఛకూ రాజ్యం హామీ అంది. రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు, పోషించదు అంది. అంటే కట్టడి పెట్టింది రాజ్యానికి. మనిషికి ఇచ్చింది స్వేచ్ఛ.

వందేళ్లు గడిచేసరికి ఇది తలకిందులైంది. 2004లో బడికి వెళ్లే పిల్లల మీద నిషేధం వచ్చింది. 2010లో ముఖం కప్పుకోవడం మీద వచ్చింది. 2016లో సముద్రతీరంలో ఒళ్లంతా కప్పుకుని ఈతకొచ్చిన ఆడవాళ్ల మీద కొన్ని పట్టణాల మేయర్లు నిషేధం పెడితే, దాన్ని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానమే ఆపాల్సి వచ్చింది. 2023లో బడుల్లో అబాయా అనే వదులు గౌను మీద వచ్చింది. రాజ్యం ఎక్కడ ఆగాలో చెప్పాల్సిన సూత్రం ఇప్పుడు ఆడపిల్ల ఎంత గుడ్డ కట్టాలో చెబుతోంది. శిలువ అయినా, యూదుల కిప్పా అయినా నియమం ఒకటే కదా అంటారు. రాతలో ఒకటే. ఆచరణలో అది ఎవరి తల మీద పడుతోందో లెక్క చూడండి.

రిలే పరుగెత్తే అమ్మాయి ప్రభుత్వ కార్యాలయంలో కూర్చుని మన అర్జీలు తీసుకోవడం లేదు. ఆమె తలగుడ్డ చూసి ఎవరి పింఛనూ ఆగదు, ఎవరి రేషను కార్డూ పోదు. ఆమె చేతిలో ఉన్న అధికారమల్లా ఒక బ్యాటన్. దాన్ని ఇంకొకరికి అందించేయాలి. అలాంటి మనిషికి ఉద్యోగి మీద పెట్టే ఆంక్ష పెట్టడం ఏ న్యాయం?

"మీ మంచికే" అనే పాత పాట

ఇక రెండో వాదన. ఇది మన మధ్య కూడా వినిపిస్తుంది. హిజాబ్ పితృస్వామ్య చిహ్నం కదా, దాన్ని నిషేధిస్తే ఆడవాళ్లకి విముక్తే కదా అని.

ముసుగు వెనక పితృస్వామ్యం ఉంది. కాదనం. మంగళసూత్రం వెనక లేదా? మెట్టెల వెనక లేదా? హైహీల్స్ వెనక లేదా? వాటిని మనం ప్రశ్నిస్తాం, చర్చిస్తాం, మనలో కొందరం తీసేస్తాం. కానీ మంగళసూత్రం తీసేసి రా, అప్పుడే నిన్ను ఆడనిస్తాం అని ఏ సమాఖ్య అన్నా మనం ఒప్పుకుంటామా?

క్రీడల చరిత్ర తెలిసినవాళ్లకి ఈ "మీ మంచికే" అనే మాట కొత్త కాదు. ఆధునిక ఒలింపిక్స్ మొదలుపెట్టిన ఫ్రెంచి పెద్దమనిషి కూబెర్తాఁ ఆడవాళ్లు పోటీల్లో ఉండకూడదని చివరిదాకా వాదించాడు. ఆలిస్ మిలియా ఊరుకోలేదు. 1922లో పారిస్‌లోనే ఆడవాళ్లకి వేరే అంతర్జాతీయ పోటీలు పెట్టి చూపించింది. ఆ ఒత్తిడికి లొంగి 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అయిదు అథ్లెటిక్స్ పోటీలు ఆడవాళ్లకి ఇచ్చారు. అందులో 4x100 రిలే ఒకటి. 800 మీటర్లు పరుగెత్తాక కొందరు అలిసి కూలబడ్డారని గోల చేసి, ఆ దూరాన్ని ఆడవాళ్లకి 1960 దాకా తీసేశారు. మగవాళ్లు అలిసి కూలబడితే వీరత్వం, ఆడవాళ్లు కూలబడితే అనర్హత! సిల్లా పరుగెత్తే 400 మీటర్లు 1964 దాకా ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో లేనే లేదు. 4x400 రిలే 1972లో వచ్చింది. ప్రతిసారీ చెప్పిన కారణం ఒకటే, వాళ్ల మంచి కోసమే, వాళ్ల ఒంటికి పడదు అని. ఇప్పుడు ఒంటికి బదులు బుర్రకి పడదంటున్నారు. ఆ అమ్మాయికి తన మంచి తనకి తెలియదు, మేం చెబుతాం అంటున్నారు.

అటు కర్ర, ఇటు కర్ర

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. చూడకపోతే మన వాదన సగం వాదనే.

అల్జీరియా క్రీడాకారిణి హసీబా బూల్మెర్కా 1991లో 1500 మీటర్లలో ప్రపంచ విజేత అయింది. నిక్కరు వేసుకుని కాళ్లు కనిపించేలా పరుగెత్తిందని ఆమె మీద మతఛాందసులు విరుచుకుపడ్డారు. చంపుతామని బెదిరించారు. ఆమె దేశం బయట సాధన చేసుకుని, 1992లో బార్సిలోనాలో బంగారు పతకం తెచ్చింది. ఇరాన్‌లో హిజాబ్ సరిగ్గా కట్టుకోలేదని పట్టుకెళ్లిన మహ్సా అమీనీ 2022 సెప్టెంబరులో పోలీసుల నిర్బంధంలో ప్రాణం పోయే స్థితికి చేరి, ఆస్పత్రిలో మరణించింది. తలగుడ్డ వద్దన్నందుకు ఆ దేశపు స్త్రీలు తూటాలకు ఎదురు నిలబడ్డారు. పారిస్‌లోనే, అదే ఒలింపిక్స్‌లో, అఫ్ఘాన్ పరుగుల క్రీడాకారిణి కిమియా యూసుఫీ వంద మీటర్లు పరుగెత్తాక తన నంబరు కాగితం వెనక రాసుకున్న మాటలు ప్రపంచానికి చూపించింది. చదువు, మా హక్కులు అని. ఆమె కూడా తల కప్పుకునే పరుగెత్తింది.

ఒకరు కట్టుకోకపోతే కొడతామంటారు. ఇంకొకరు కట్టుకుంటే రానివ్వమంటారు. రెండూ సమానమైన హింస అని మేం అనడం లేదు. టెహరాన్ జైలూ పారిస్ టోపీ ఒకటి కావు. కానీ రెండింటి కింద ఉన్న నమ్మకం ఒకటే. ఆడదాని ఒంటి మీద గుడ్డ ఎంత ఉండాలో ఆమె కాక ఇంకెవరో నిర్ణయిస్తారని. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు చిన్న బికినీ కాదు, నిక్కరు వేసుకుంటామంటే 1500 యూరోల జరిమానా వేసింది కూడా ఈ నమ్మకమే.

అదే పారిస్‌లో సిఫాన్ హసన్‌ని చూడండి. నెదర్లాండ్స్ తరఫున మారథాన్ పరుగెత్తింది. బనియను, నిక్కరుతో, తలగుడ్డ లేకుండా. ఒలింపిక్ రికార్డుతో బంగారు పతకం గెలిచింది. ఆ సాయంత్రం ముగింపు ఉత్సవంలో హిజాబ్ కట్టుకుని వచ్చి పతకం అందుకుంది. ఉదయం వద్దనుకుంది, సాయంత్రం కావాలనుకుంది. రెండూ ఆమె నిర్ణయాలే. స్వేచ్ఛ అంటే ఇంతకన్నా పెద్ద నిర్వచనం అక్కర్లేదు. ఫ్రాన్స్ గడ్డ మీద డచ్చి క్రీడాకారిణికి ఉన్న ఈ స్వేచ్ఛ ఫ్రాన్స్ క్రీడాకారిణికి మాత్రం లేదు!

టీవీలో కనిపించని అమ్మాయిలు

సిల్లా కథ మన దాకా వచ్చింది. రానివి ఎన్నో ఉన్నాయి. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధం జాతీయ జట్టుతో ఆగదు. ఊళ్లలో, శివారు బస్తీల్లో ఆదివారం నాడు ఆడుకునే జట్ల దాకా వెళ్తుంది. దాని మీద "హిజాబ్యూజ్" అనే పేరుతో ముస్లిం అమ్మాయిలు సంఘం కట్టి కోర్టుకెక్కారు. 2023 జూన్ 29న అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం సమాఖ్య వైపే తీర్పిచ్చింది. బాస్కెట్‌బాల్ సమాఖ్య 2022 డిసెంబరులో ఇలాంటి నియమమే పెట్టింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ 2014లోనే, బాస్కెట్‌బాల్ సంస్థ 2017లోనే తలగుడ్డకి అనుమతి ఇచ్చాయి. భద్రతకి ప్రమాదం అనే సాకు అప్పుడే తీరిపోయింది. 2024 జూలైలో ఆమ్నెస్టీ సంస్థ 38 యూరప్ దేశాలను పరిశీలించి, క్రీడల్లో ఇలా నిషేధం పెట్టింది ఫ్రాన్స్ ఒక్కటేనని చెప్పింది.

2025 ఫిబ్రవరి 18న ఆ దేశపు సెనేట్ ఇంకో అడుగు వేసింది. క్రీడా సమాఖ్యలు జరిపే పోటీలన్నింటిలో మతచిహ్నాలను నిషేధించే బిల్లును 210 అనుకూల ఓట్లు, 81 వ్యతిరేక ఓట్లతో ఆమోదించింది. చట్టం కావడానికి దిగువ సభ కూడా ఒప్పుకోవాలి. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

బస్తీల్లో అన్నదమ్ముల ఒత్తిడి, మతపెద్దల ఒత్తిడి లేవా అని అడుగుతారు. ఉన్నాయి. అలాంటి ఒత్తిడి ఉన్న అమ్మాయికి మైదానం ఒక్కటే ఊపిరి తీసుకునే చోటు. అక్కడ కోచ్ ఉంటుంది, స్నేహితులుంటారు, ఇంటి బయట ఒక లోకం ఉందని తెలుస్తుంది. ఆ మైదానం తలుపు మీరు మూసేస్తే ఆమె ఎక్కడికి వెళ్తుంది? ఏ ఇంటి నుంచి ఆమెని విడిపిస్తామంటున్నారో ఆ ఇంటికే వెళ్తుంది. నిషేధం వల్ల బలపడేది అమ్మాయి కాదు, నేను ముందే చెప్పలేదా, వాళ్లు నిన్ను రానివ్వరని అనే అన్నయ్య. మనతో పనిచేసే కార్యకర్తలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బడి మానేసిన ఆడపిల్లని తిరిగి బడికి తేవడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు.

మన ఇంటి సంగతి

ఇదంతా చదివి ఫ్రాన్స్‌ని వేలెత్తి చూపి ఊరుకుంటే మనం నిజాయితీపరులం కాము. 2022 ఫిబ్రవరిలో మన పొరుగున కర్ణాటకలో హిజాబ్ కట్టుకున్న అమ్మాయిలని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. పరీక్షలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మార్చి 15న హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వునే సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. అందులో జస్టిస్ ధులియా అడిగింది ఆ ఆడపిల్లల చదువు గురించే. మనలో ఎంతమందిమి ఆనాడు ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్లల తరఫున గట్టిగా మాట్లాడాం? పర్దాని సమర్థించినట్టవుతుందేమోనని ఎంతమందిమి నోరు కట్టుకున్నాం?

ఇటు చూస్తే 2005లో హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా టెన్నిస్ స్కర్టు మీద మతపెద్దలు అభ్యంతరాలు లేవదీశారు. కలకత్తాలో ఆడడానికి వెళ్తే భద్రత పెంచాల్సి వచ్చింది. నిజామాబాదు నుంచి వచ్చి 2022లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్ నిక్కరు వేసుకుంటుందని చుట్టుపక్కలవాళ్లు అన్న మాటలు ఆమే చెప్పింది. సానియా స్కర్టుకీ, నిఖత్ నిక్కరుకీ, సిల్లా తలగుడ్డకీ ఒకే మనసుతో అండగా నిలబడగలిగితేనే మనది హక్కుల ఉద్యమం. ఒకదానికి నిలబడి ఇంకోదానికి తప్పుకుంటే అది ఇష్టాయిష్టాల ఉద్యమం.

మనం ఏమడగాలి?

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం పారిస్‌లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమానంగా చోట్లు ఇచ్చామని ప్రచారం చేసుకుంది. క్రీడ మానవ హక్కు అని తన చార్టర్‌లోనే రాసుకుంది. సిల్లా విషయం వచ్చేసరికి అది ఫ్రాన్స్ చట్టం పరిధిలోదని తప్పుకుంది. సగం చోట్లు ఇచ్చి, ఆ చోట్లో కూర్చునే స్త్రీ ఎలా ఉండాలో దేశాల ఇష్టానికి వదిలేస్తే అది సమానత్వం అవుతుందా? ఏ దేశమూ తన క్రీడాకారిణిని తల కప్పుకోమని గానీ, విప్పుకోమని గానీ బలవంతం చేయకూడదన్న నియమం రావాలి. రెండు వైపులా వర్తించే నియమం. అప్పుడు ఇరాన్ ప్రభుత్వాన్నీ అడగొచ్చు, ఫ్రాన్స్ ప్రభుత్వాన్నీ అడగొచ్చు.

మన సంఘాల్లో కూడా ఈ చర్చ జరగాలి. హిజాబ్ మీద, బురఖా మీద, ముసుగు మీద మన విమర్శ మనం మానుకోనక్కర్లేదు. అది ఆ స్త్రీలతో కూర్చుని చేసే సంభాషణ. వాళ్లు మనతో విభేదించవచ్చు, మనల్నీ ప్రశ్నించవచ్చు. పోలీసునో, సమాఖ్యనో, మంత్రినో వెంటేసుకుని వెళ్లి చేసేది మాత్రం సంభాషణ కాదు.

4x400 రిలేలో బ్యాటన్ అందుకునే మనిషి వెనక్కి తిరిగి చూస్తుంది. వంద మీటర్ల రిలేలో లాగా గుడ్డిగా చేయి చాపదు. అలిసిపోయి వస్తున్న తోటి మనిషి ముఖం చూసి, ఆమె ఎంత దగ్గరికి వచ్చిందో చూసి, అందుకుంటుంది. సిల్లా తోటి క్రీడాకారిణులు ఆగస్టులో ఆ పనే చేశారు. ఆమె తల మీద ఏముందన్నది వాళ్లకి అడ్డం రాలేదు. సెనేట్‌లో చేతులెత్తిన 210 మందికీ తట్టని ఆ చిన్న విషయం ఉద్యమంలో ఉన్న మనకైనా తట్టాలి.